వెనక నుంచి పిలుపు

పొద్దున్న ఆరింటికి గులాబి కొడుకు సంచి సర్దుతోంది. రెండు లుంగీలు, ఒక స్వెట్టరు, ఎండురొయ్యల పొడి, సూదుల పెట్టె. మలపె రేవు నుంచి బోటు ఎనిమిదింటికి కదులుతుంది. వేట నిషేధం ముగిశాక ఇదే మొదటి వేట. పది రోజులు నడిసముద్రంలోనే ఉండాలి.

యతీశుకు ఇరవై నాలుగేళ్లు. ఇరవై రోజుల కిందట వల బాగు చేస్తూ ఉన్నవాడు ఉన్నట్టుండి కూలబడిపోయాడు. అంతకు ముందు నెల రోజులు కుండలో నీళ్లు నిలవనివ్వలేదు. మనిషి ఎండుచేపలా అయ్యాడు. ఆసుపత్రిలో రక్తం చూసి, ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం లేదని, ఇక బతికినన్నాళ్లూ రోజుకు నాలుగు సూదులు తప్పవని చెప్పారు. “ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అని డాక్టరు అడిగితే గులాబి లేదంది. ఆ ప్రశ్న ఆమెను ఇంకా వదల్లేదు. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు ఆ ఆసుపత్రి బల్ల మీదే కూర్చుని ఉంది.

“ఇందులో పంచదార ఎందుకే?” అంది గులాబి, సంచిలో పొట్లం చూసి.

“సూది వేసుకున్నాక తిండి ఆలస్యమైతే వాడికి వణుకొస్తుంది. అప్పుడు నోట్లో వేసుకోవాలి. ఎన్నిసార్లు చెప్పనమ్మా?” అంది కూతురు హరిణాక్షి.

“చక్కెర జబ్బుకు చక్కెరే మందా? ఏం చదువులో ఏమో.”

యతీశు గంజి తాగుతూ నవ్వాడు. “అక్క నర్సమ్మ అయిపోయింది. నన్ను బోటెక్కనిస్తే చాలు.”

“లోకన్నకు చెప్పి ఎక్కు. బోటు నడిపే తండేలుకు తెలియకుండా ఈ జబ్బుతో వెళ్తావా?”

“చెబితే ఎక్కించుకుంటాడా? గట్టు మీద కూర్చుని ఆడవాళ్లతో చేపలు ఏరమంటావా?”

“ఏరితే ఏం? ప్రాణం ఉంటుంది.” హరిణాక్షి తల్లి వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పమ్మా. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?”

గులాబి స్వెట్టరు మళ్లీ మడత పెట్టింది. సముద్రానికి బయలుదేరినవాణ్ణి ఆపకూడదు. గడప దాటాక వెనక నుంచి పిలవనే కూడదు. ఆమె తల్లి అలాగే బతికింది, తానూ అలాగే బతికింది. ఆపలేని మనిషి చేయగలిగింది జాగ్రత్తగా సర్దడమే. ఇన్సులిన్ చల్లగా ఉంచాలని ఆసుపత్రిలో చెప్పారు. చల్లగా ఉంచడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ముప్పై ఏళ్లు చేపలమ్మిన చేతులు. ఫ్లాస్కులో ఐసు కొట్టి పోసి, గుప్పెడు రాళ్లుప్పు కలిపి, మూడు ఇన్సులిన్ సీసాలు అందులో కూరింది. నాలుగోది ఇంట్లో ఉంటుందని తన చేపల పెట్టెలో అలాగే దాచింది.

యతీశు సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నరకు హరిణాక్షి చేపల పెట్టె తెరిచింది. సీసా తీసి ఊపింది. లోపల ఏదీ కదల్లేదు. తెల్లగా గడ్డకట్టి ఉంది.

“అమ్మా, వాడి ఫ్లాస్కులోనూ ఉప్పు వేశావా?”

“వేయకపోతే ఐసు నిలుస్తుందా?”

హరిణాక్షి గోడకు ఆనుకుంది. “చల్లగా ఉంచమన్నారమ్మా, అంతే. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడి మందునే గడ్డ కట్టిస్తుంది. గడ్డకట్టిందా, ఇక అది పనికిరాదు. కరిగినా అంతే. వాడు వేసుకునేది వట్టి నీళ్లతో సమానం. పది రోజులు కాదు, మూడో రోజుకే...”

గులాబి చెప్పులు వేసుకోలేదు. రేవు దాకా పరుగెత్తింది. బోటు అప్పటికే దీపస్తంభం దాటేసింది. బోటు యజమాని షెడ్డులో వైర్‌లెస్ ఉంది. గుమస్తా దాన్ని చేతికివ్వడానికి జంకాడు. “మొదటి వేటమ్మా. వెనక్కి పిలుస్తావా? అందరూ నిన్నే తిడతారు.”

“తిట్టనీ. ఇవ్వు.”

వైర్‌లెస్ గరగర మధ్య తండేలు గొంతు వినిపించింది. “ఎవరు? గులాబక్కా? ఏందక్కా ఇది, బయలుదేరినవాణ్ణి పిలవచ్చా?”

“పిలుస్తున్నా లోకన్నా. నా కొడుక్కి జబ్బుంది. సూది మందు లేకపోతే బతకడు. ఆ మందు నా చేతులతో నేనే పాడు చేశాను. బోటు తిప్పు.”

“తిప్పుతున్నా,” అన్నాడు లోకన్న.

బోటు రేవుకు తిరిగొచ్చాక, యతీశు గట్టు మీదికి దూకి తల్లి ముఖం చూడలేదు. “పరువు తీశావు. ఇక నన్ను ఏ బోటు ఎక్కించుకుంటుంది?”

“నేను నడిపే బోటే,” అన్నాడు వెనకే దిగిన లోకన్న. “అబద్ధం చెప్పి ఎక్కావు, అందుకు కొట్టాలి నిన్ను. పదిహేను రోజులు ఇంట్లో కూర్చుని ఆ సూదుల సంగతి పూర్తిగా నేర్చుకో. నాకూ నేర్పు. డాక్టరు సరే అంటే అప్పుడు రా. మందు నా క్యాబిన్లో మట్టికుండలో తడిగుడ్డ చుట్టి పెడదాం. ఐసు దగ్గరికి పోనివ్వను.” గులాబి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు, “ఈ వేట పోతే పోయిందక్కా.”

ఇంటికి వెళ్లాక గులాబి మెట్టు మీద కూలబడింది. హరిణాక్షి ఆమె పాదాలకు గుచ్చుకున్న గవ్వముక్కలు తీస్తుంటే, యతీశు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“డాక్టరుకు అబద్ధం చెప్పాను,” అంది గులాబి. “అప్పుడు అబద్ధమని తెలీదు. మీ నాన్న కూడా కుండలకు కుండలు నీళ్లు తాగేవాడు. ఒంటి మీద చొక్కా వేలాడేది. సారా తాగుడు మానితే సరిపోతుందని తిట్టేదాన్ని. ఆఖరి రోజు ఈ మెట్టు దిగి, రెండుసార్లు ఆగి, గోడ పట్టుకున్నాడు. చూశాను. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవకూడదని ఊరుకున్నా. వల లాగుతూ తూలి నీళ్లలో పడ్డాడని వచ్చి చెప్పారు.”

యతీశు తల్లి చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. హరిణాక్షి వైపు చూసి, “అక్కా, ఆసుపత్రికి వెళ్లి కొత్త సీసాలు తెద్దాం. అమ్మ కూడా వస్తుంది,” అన్నాడు.

ఆసుపత్రిలో ఆ డాక్టరుకు గులాబి ఈసారి సరైన జవాబు చెప్పింది. భర్త పేరు శీనప్ప. వయసు ముప్పై మూడు. 2003 ఆగస్టు 19, మంగళవారం పొద్దున సముద్రానికి వెళ్లాడు. తిరిగి రాలేదు.