వాలు మీది రాళ్లు

నూకరత్నం కళ్లలో చెరో చుక్క మందు వేసుకుని, రెప్పలు ఆడించి, అరచేతిని సాక్షిపలక మీద ఆనించింది. పలక కొద్దిగా వెచ్చబడింది.

"అవగాహన ఉంది. తీర్పు చెల్లింది," అన్నది తూనిక యంత్రం.

ఆమె చేయి తీసింది. తెర మీదికి ఇంకో కుర్రవాడి చూపుగీత వచ్చింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి తిన్నగా సాగిపోయింది. మళ్లీ చేయి ఆనింది, మళ్లీ పలక వెచ్చబడింది. చైనాలో ఎక్కడో హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న పిల్లవాడికి ఇంగ్లీషు చదివితే అర్థమవుతుందని విశాఖపట్నంలో ఒక ఆడమనిషి అరచేయి ఒప్పుకున్నది.

ఈ పని తెలుగువాళ్లకు దక్కడానికి వాళ్ల గొప్పతనమేమీ కారణం కాదు. తటస్థ భాషా చట్టం ప్రకారం తీర్పు దగ్గర కూర్చునే మనిషి సొంత భాష విద్యార్థిదీ కాకూడదు, పరీక్షదీ కాకూడదు. ఇటూ అటూ కానివాళ్లు ఎవరా అని వెతికితే, బీచి రోడ్డును సముద్రం మింగేశాక కొండలమీదికి ఎగబాకిన ఈ ఊరు దొరికింది. కొండమీద సాక్షిశాల కట్టారు. కుర్చీకో మనిషి, మనిషికో పలక. తీర్పు చెప్పేది తూనికే, కానీ మనిషి చేయి పడనిదే ఏ తీర్పూ చెల్లదు. ఆ ఒక్క ముక్క చట్టంలో ఏ పుణ్యాత్ముడు ఇరికించాడో గానీ, నూకరత్నం ఇంట్లో పొయ్యి వెలగడానికి అదే ఆధారం.

పిల్లలు ఇప్పుడు జవాబులు రాయరు. కళ్లకు చూపుపట్టీ తగిలించుకుని పాఠం చదువుతారు. చివర్లో తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి, వాటిలో సరైనదాని మీద చూపు నిలుపుతారు. వాళ్ల చూపు ఎక్కడ నడిచింది, ఎక్కడ నిలిచింది అన్నదాన్ని తూనిక ప్రమాణ పాఠకుడి చూపుతో పోల్చి చూస్తుంది. ప్రమాణ పాఠకుడనే మనిషి ఎక్కడా లేడు. లక్షలమంది చూపులు కలిపి తీసిన సగటుకు ఆ పేరు పెట్టారు. వాడు ఆగడు. వాడు వెనక్కి తిరగడు. చదివేసిన వాక్యం మీదికి మళ్లీ వెళ్లడాన్ని వెనుచూపు అంటారు, ఒక్కో వెనుచూపుకీ అవగాహనాంకం దిగిపోతుంది.

శాలలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎవరూ పైకి అనరు. మనసు పెట్టి చదివేవాడు తప్పకుండా ఎక్కడో ఒకచోట ఆగుతాడు. కాబట్టి నెగ్గాలంటే చదవకూడదు. నూనె రాసిన నేలమీద జారినట్టు కళ్లను వరసల మీద జార్చుకుంటూ పోవాలి. చైనాలో కోచింగ్ సెంటర్లు ఏడాది పొడవునా పిల్లలకు నేర్పేది ఈ జారుడే. సాక్షి ఉద్యోగం కోసం ఇక్కడ గాజువాకలో నూకరత్నం నేర్చుకున్నదీ ఇదే. ఆమె ఈ విద్యలో దిట్ట. కొత్తగా చేరినవాళ్లకు ఆమె గీతనే చూపించి, ఇలా ఉండాలి అని చెబుతారు.

"అవగాహన లేదు," అన్నది తూనిక.

నూకరత్నం చేయి అలవాటు కొద్దీ పలక మీదికి వెళ్లింది. ఆనేలోగా తెర అంచున పసుపు దీపం వెలిగింది.

"ఓలమ్మ, ఎదురుప్రశ్న!" పక్క కుర్చీలోంచి జుబేదా మెడ చాచింది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు, ఒకరి క్యారేజీలో కూర ఇంకొకరు తినే స్నేహం. "ఎవులే ఆ గుంట? ఎంత దైర్నమే!"

పరీక్ష పోయిన విద్యార్థికి, చేయి పడేలోపు, సాక్షిని ఒక్క ప్రశ్న అడిగే హక్కు ఉంది. దాన్ని ఎవరూ వాడరు. వాడితే మొండిఘటమని ముద్ర పడుతుందని మాస్టార్లు ముందే బెదిరించి పంపుతారు. నూకరత్నానికి ఇది మొదటిసారి.

తెర మీదికి ఒక అమ్మాయి వచ్చింది. తెలుపూ నీలమూ స్కూలు దుస్తులు, చెవుల మీదికి కత్తిరించిన జుట్టు, ఏడ్చి తుడుచుకున్న ముఖం. పేరు లువో యాన్‌చిన్. నైరుతి చైనాలో ఏదో కొండ పట్నం. ఈ తీర్పు మీద చేయి పడితే ఆ పిల్లకు కాలేజీ చదువు లేనట్టే. పరీక్ష రెండోసారి పెట్టరు, అవగాహన లేదన్న ముద్ర బతికున్నంత కాలం పోదు.

యాన్‌చిన్ చైనీసులో ఏదో అన్నది. మాటవంతెన దాన్ని తెలుగు చేసింది. ఆ వంతెనకు పాతకాలపు రేడియో వార్తల తెలుగు తప్ప మరొకటి రాదు.

"గౌరవనీయ సాక్షి గారికి నమస్కారములు. తమరు ఆ పాఠమును చదివినారా?"

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. తన పని తనకు రాదని తేల్చడానికి ఈ పిల్లెవరు?

"సదవకేటి? ఇన్నాళ్లబట్టి ఆ పాటం ముందే కూకున్నాను గదా."

"అయినచో కొండవాలు మీది రాళ్లు ఏమిటో తెలుపగలరా?"

"ఎదురుప్రశ్న ముగిసింది," అన్నది తూనిక. "సాక్షి చేయి ఆనించాలి."

నూకరత్నం ఆనించలేదు. పాఠం ఆమెకు కంఠతా వచ్చు. ఒక లోయ, లోయలో పల్లె, పల్లె చుట్టూ నారింజ తోటలు. ప్రతి వసంతంలోనూ ఊరివాళ్లంతా కొండవాలు ఎక్కి అక్కడి రాళ్లను తుడిచి శుభ్రం చేసేవారు. రెండో పేరాలో ఆనకట్ట కట్టారు. మూడో పేరాలో ఊరు ఖాళీ అయింది. పోగొట్టుకోవడానికి వాళ్లకు పెద్దగా ఏమీ లేదు అని ఉంది. చివర్లో ఎంచవలసిన వాక్యం: పల్లెవాసులు శుభ్రతను ఇష్టపడేవారు, కొత్త జీవితాన్ని సంతోషంగా అందుకున్నారు.

"రాళ్లంటే రాళ్లే," అన్నది. "శుబ్రం ఉన్న మనుషులు, తుడుసుకున్నారు. అందులో ఏటున్నాది?"

యాన్‌చిన్ తల అడ్డంగా ఊపింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. వంతెన ఆయాసపడుతూ వెంట నడిచింది.

"అవి సమాధులు. మా ప్రాంతమున ప్రతి వసంతమందును కుటుంబములన్నియు కొండకెక్కి పెద్దల సమాధులను తుడుచును. సమాధి అను మాట పాఠములో లేదు. అయినను వసంతమున వాలు మీది రాళ్లను మరి యెందుకు తుడిచెదరు? మొదటి పేరాలో వారి మృతులు అచ్చట ఉన్నారు. మూడవ పేరాలో వారికి పోగొట్టుకొనుటకు ఏమియు లేదు. రెండును నిజము కాజాలవు. అందువలన వెనుకకు వెళ్లి చూచితిని. మరల మరల చూచితిని. నాలుగు వాక్యములలో ఒక్కటియు నిజము కాదు గనుక దేనిని ఎంచలేదు. నాకు అర్థమైనది. అర్థమైనందువలననే ముందుకు పోలేకపోయితిని."

నూకరత్నం ఆ పిల్ల చూపుగీత తెరిచింది. మూడో పేరాలోని ఆ వాక్యం నుంచి మొదటి పేరాలోని రాళ్ల దాకా, కిందికీ పైకీ, గీత మీద గీత పడి తాడంత లావెక్కింది. ఆఖర్న నాలుగు వాక్యాల కింద ఉన్న ఖాళీలో చూపు నిలిచిపోయింది. ఆ చోటును తూనిక ఎర్రగా గుర్తించి పక్కన 'శూన్యదృష్టి' అని రాసింది.

ఆమెకు ముందు సిగ్గేసింది. ఈ పాఠం మీద ఎంతమంది పిల్లలకు చేయి ఆనించిందో ఆమెకే తెలియదు, ఒక్కసారీ ఆ రాళ్ల దగ్గర నిలబడలేదు. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. సముద్రం మీదికొచ్చిన ఏడాది తమ జాలరిపేటలో మనుషులను కొండెక్కించారు, సామాన్లు ఎక్కించారు, వలలు కూడా ఎక్కించారు. శ్మశానాన్ని ఎవరూ ఎక్కించలేదు. తన అమ్మను పాతిపెట్టిన చోట ఇప్పుడు చేపలు తిరుగుతున్నాయి. పోగొట్టుకోవడానికి ఏమీ లేదట! ఎవడన్నాడు ఆ మాట?

"ఏటమ్మా రత్నం, పలక సల్లబడిపోనాది." శాలాధికారి సన్యాసినాయుడు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "బేగి సెయ్యెయ్యి. ఎనక ఇంకా బోల్డుమంది పిల్లలున్నారు."

"వెయ్యను సార్."

"వెయ్యనంటే ఏటవుతాదో తెలుసు గదా?"

"తెలుసు. పట్టీ కట్టుకుని నేనే సదవాలి. నా అంకం దిగిపోతే కుర్చీ పోద్ది."

నాయుడు చెడ్డవాడు కాదు. సాక్షుల పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీద ఆసుపత్రికి దింపి వచ్చే రకం. ఆమె భుజం మీదుగా వంగి గొంతు తగ్గించాడు.

"పోనీ కట్టుకో. కట్టుకుని జార్చీ. నీకంటే బాగా జార్చీవోళ్లు ఎవులున్నారిక్కడ? నీ గీత సక్కగుంటాది, ఆ గుంట సంగతి తేలిపోద్ది. నీ కుర్చీ నీకుంటాది. అడిగీవోడు ఎవుడూ లేడు."

అది నిజమే. అంత తేలిక. నూకరత్నం చూపుపట్టీ తీసి కళ్లకు తగిలించుకుంది. తెర అవతల యాన్‌చిన్ పిడికిళ్లు బిగించి చూస్తున్నది.

పాఠం తెరుచుకున్నది. ఆమె కళ్లు వెంటనే జారడం మొదలుపెట్టాయి. మొదటి వరస దాటి రెండో వరసలోకి వచ్చేదాకా తనకే తెలియలేదు. ఆపుదామంటే ఆగవు. ఇన్నేళ్లుగా వాటికి నేర్పింది ఈ పరుగే. నూకరత్నం చూపుడువేలు చాచి తెర మీద మాట కింద పెట్టింది, ఒకటో తరగతిలో అక్షరాల కింద పెట్టినట్టు. వేలు కదిలితే కన్ను కదలాలి, వేలు నిలబడితే కన్నూ నిలబడాలి. అలా ఒక్కో మాటా పట్టుకుని నడిచింది. నారింజ తోటలు వచ్చాయి. వసంతం వచ్చింది. రాళ్ల దగ్గర వేలు ఆపేసింది.

అక్కడ ముసలమ్మలున్నారు. చీపుళ్లు పట్టుకుని, పిల్లలను వెంటేసుకుని కొండెక్కుతున్నారు. ఆ మాట పాఠంలో ఎక్కడా లేదు, కానీ వాళ్లు అక్కడే ఉన్నారు. ఇన్నాళ్లూ తాను వాళ్ల మీదుగా జారిపోయింది.

ఆమె మూడో పేరా దాకా వెళ్లి, పోగొట్టుకోవడానికి ఏమీ లేదన్న వాక్యం చదివి, వేలు ఎత్తి మళ్లీ రాళ్ల మీద పెట్టింది.

"వెనుచూపు," అన్నది తూనిక.

మళ్లీ కిందికి దిగింది. మళ్లీ పైకి వచ్చింది.

"వెనుచూపు."

"అనుకో," అన్నది నూకరత్నం. "ఎన్నిసార్లు అంటావో అను. నేను సూస్తానే ఉంటాను."

"రత్నం, వొద్దమ్మా," అన్నాడు నాయుడు. ఆమె వినిపించుకోలేదు. నాలుగు వాక్యాలు వచ్చాక ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. తరువాత వేలును కిందనున్న ఖాళీలోకి దించి, చూపును అక్కడే నిలబెట్టింది.

"సాక్షి నూకరత్నం. అవగాహన లేదు," అన్నది తూనిక. అదే గొంతుతో ఇంకో మాట అన్నది. "ఈ తీర్పుకు మనిషి చేయి కావాలి."

శాలలో కుర్చీలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. మనిషి చేయి పడనిదే ఏ తీర్పూ చెల్లదంటే సాక్షి మీద తీర్పూ అంతే గదా. సాక్షి అర్హత తేలేదాకా శాలలో ఇంకో తీర్పు నడవడానికి వీల్లేదు. వరసగా తెరలన్నీ నిలిచిపోయాయి. ప్రతి తెర మీదా ఒకే మాట: మనిషి చేయి కావాలి.

నాయుడు నుదురు తుడుచుకున్నాడు. "జుబేదా, నువ్వెయ్యమ్మా. పక్క కుర్చీ నీదే గదా, నీ సెయ్యి సెల్లుద్ది."

జుబేదా తన అరచేతిని తిప్పి చూసుకుంది. మామూలుగా మాటకు ముందు నవ్వే మనిషి, ఇప్పుడు నవ్వలేదు.

"దీనికి సదివితే అర్తం కాదని నేను సాక్ష్యం సెప్పాలా సార్? ఇన్నేళ్లు దీని పక్కన కూకుని?" పట్టీ అందుకుంది. "ముందు నన్నూ సదవనీండి. రాళ్లో, సమాదులో, నాకూ తెలియాలి."

చేయి వెయ్యనన్న జుబేదా తెర మీదా పాఠం తెరుచుకుంది, ఆమె వేలు దాని మీదికి వెళ్లడం నూకరత్నం చూసింది. కాసేపటికి తూనిక "వెనుచూపు" అన్నది. వెనక వరసలో ఇంకెవరో పట్టీ తగిలించుకున్నారు. అటు గోడ పక్కన ఇంకొకరు.

"శాలాధికారి చేయి ఆనించాలి," అన్నది తూనిక.

నాయుడి చేయి పైకి లేచింది. ఆ చేయి ఆనిస్తే అంతా సర్దుకుంటుంది. నూకరత్నం ఇంటికి వెళ్లిపోతుంది, యాన్‌చిన్ ఇంటికి వెళ్లిపోతుంది, గీతలు మళ్లీ తిన్నగా నడుస్తాయి. ఆయన పలక వంక చూశాడు, నూకరత్నం వంక చూశాడు, తెరలోని పిల్ల వంక చూశాడు.

"నేను ఆ పాటం ఎప్పుడూ సదవలేదు," అన్నాడు తూనికతో. పైకెత్తిన చేయి దించుకున్నాడు. "సదవకుండా సెయ్యెలాగేస్తాను?"

"శాలాధికారి చేయి ఆనించాలి."

"సదివి సెప్తాను! కాసేపాగు." ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుని, పట్టీ ఎటు తగిలించుకోవాలో తెలియక తిప్పుతూ ఉండిపోయాడు. జుబేదా చదువు ఆపి సరిచేసి పెట్టింది.

తెరలోంచి యాన్‌చిన్ గొంతు, దాని వెనకాలే వంతెన గొంతు వచ్చాయి.

"సాక్షి గారూ, అచ్చట ఏమి జరుగుచున్నది? నా తీర్పు ఏమైనది?"

నూకరత్నం చేయి చాచి మాటవంతెన ఆపేసింది. తటస్థత భంగమైందని ఎర్ర దీపం వెలిగి గోల పెట్టింది. పెట్టనీ అనుకుంది. తెరకు దగ్గరగా వంగి ఇంగ్లీషులో, తడుముకుంటూ, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. ఆ భాషను ఆమె ఎన్నో ఏళ్లుగా కొలిచింది గానీ, అందులో ఒక మనిషితో మాట్లాడడం అదే మొదలు.

"నీ తీర్పు మీద చేయి పడలేదు. ఇక్కడ అందరూ పాఠం చదువుతున్నారు. నువ్వు చదివినట్టే."

యాన్‌చిన్‌కు ఆ మాట అందడానికి ఏ వంతెనా అవసరం కాలేదు. బిగించిన పిడికిళ్లు విప్పి బల్ల మీద పెట్టుకుంది. తనూ ఇంగ్లీషులోనే, తనూ తడుముకుంటూనే జవాబు చెప్పింది.

"చదవనివ్వండి. ఎంతసేపైనా సరే, నేను ఇక్కడినుంచి లేవను."