కింది ఫోను

"ఈ మిషన్‌లో పగకు చోటు లేదు," అంది చీఫ్ విమలాదేవి.

ఏజెంట్ కృపాకర్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

1997 మార్చి. మలక్‌పేటలో గూఢచారి డిపార్ట్‌మెంట్ రహస్య ఆఫీసు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"ల్యాబ్ నుంచి క్షిపణి ఇంజన్ డ్రాయింగ్ పోయింది. ఒక్క పేజీ. ఉస్మాన్‌గంజ్‌లో గుండయ్య పసుపు గోడౌన్ నుంచి విదేశీ ముఠాకు కంప్యూటర్‌లో ఫ్యాక్స్ చేస్తున్నారు. పొద్దుటి నుంచి సగంలోనే తెగిపోతోంది. మెకానిక్‌కి కబురు పెట్టారు. వాడు మన కస్టడీలో ఉన్నాడు. వాడి బదులు నువ్వు వెళ్ళు."

"పంపేదెవరు?"

"రాగసుధ. డ్రాయింగ్ ఆపు. ఆమెను కోర్టుకు వదిలెయ్."

ఆ పేరు కృపాకర్‌కు కొత్త కాదు. అతని భార్య సుజన టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఆపరేటర్. ముఠా కాల్స్ కనిపెట్టింది ఆమే. ఆ సంగతి తెలిసిన డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్ రాగసుధ ఒక్కతే. వారం తిరక్కుండా సుజనను ఫలక్‌నుమా స్టేషన్లో రైలు కిందికి తోసేశారు.

అతికించిన గడ్డం, భుజాన సంచి, జేబులో ఫ్లాపీ. కృపాకర్ గోడౌన్‌లో అడుగుపెట్టాడు.

"పసుపు ఎండిందా సేటూ?" కోడ్ అడిగాడు.

"ఇంకా పచ్చిగనే ఉన్నది," అన్నాడు గుండయ్య. "ఏంది భాయ్, గింత లేటా? పైన మేడమ్ ఒకటే లొల్లి!"

గల్లాపెట్టె పక్కన ఫోను. అదే లైను పైన కంప్యూటర్‌కు తగిలించిన మోడెమ్‌కీ వెళుతోంది.

"గా డబ్బ మీద నాకు నమ్మకం లేదన్నా. పోతున్నదా లేదా అని ఫోన్ లేపి ఇంట. కుయ్‌మంటది, ఆగిపోతది."

రోగం దొరికింది. కింద రిసీవర్ లేపిన ప్రతిసారీ పైన లైను తెగుతోంది.

"ఇనుడు మంచిదే సేటూ. ఫికర్ చేయకు. నేను కేకేస్త, అప్పుడు లేపు."

పైగదిలో రాగసుధ. నెమలికంఠం రంగు చీర, ఒళ్ళో పిస్టల్.

"ఏమిటయ్యా దీని జబ్బు?"

"స్పీడ్ ఎక్కువైంది మేడమ్. లైను తట్టుకుంటలేదు. డ్రైవర్ మార్చాలె."

ఫ్లాపీ పెట్టాడు. డ్రైవర్‌తో పాటు డిపార్ట్‌మెంట్ రాసిచ్చిన కవర్ పేజీ కూడా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కింది. స్పీడ్ 14400 నుంచి 4800కి తగ్గించి సెండ్ నొక్కాడు. మోడెమ్ డయల్ చేసింది. అవతల ఫ్యాక్స్ ఎత్తింది. మొదటి పేజీ వెళ్ళిపోయింది.

తెర మీద రెండో పేజీ అని వచ్చింది. రాగసుధ కళ్ళు చిట్లించింది.

"ఒక్క పేజీయే కదా? రెండోదేమిటి?"

"సేటూ! పోతున్నది!" కృపాకర్ మెట్ల వైపు అరిచాడు.

కింద గుండయ్య హమాలీతో బస్తాల మీద వాదిస్తున్నాడు. వినిపించుకోలేదు. డ్రాయింగ్ ముప్పై శాతం. యాభై. పిస్టల్ కృపాకర్ కణతకు తగిలింది.

"ఎవడ్రా నువ్వు?"

"గుండయ్య సేటూ! డబ్బ మస్తు పాడుతున్నది, ఇను!"

కింద రిసీవర్ లేచింది. మోడెమ్ కీచుమంది. తెర మీద 'నో క్యారియర్' అని పడింది. లైను తెగింది.

ఆమె చూపు తెర మీదికి మళ్ళిన ఆ క్షణంలో కృపాకర్ మోడెమ్‌తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ ఎగిరిపడింది. ఈలోగా కింద హమాలీల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ టీమ్ గుండయ్యను పట్టేసింది.

కృపాకర్ కవర్ పేజీని తెర మీద తెరిచాడు. రాగసుధ చదివింది.

'మీ ముఠా వివరాలన్నీ ఇచ్చిన మా ఏజెంట్ రాగసుధకు కృతజ్ఞతలు. భారత ప్రభుత్వం.'

"ఇది... వాళ్ళకి చేరిందా?"

"చేరింది. డ్రాయింగ్ చేరలేదు." గడ్డం పీకేశాడు. "సుజన మొగుణ్ణి."

ఆమె అతని చొక్కా పట్టుకుంది. "నన్ను అరెస్టు చెయ్యండి. జైల్లో పెట్టండి. బయటుంటే ఇవాళే చంపేస్తారు!"

కృపాకర్ హార్డ్‌డిస్క్ ఊడదీసి, పిస్టల్‌తో పాటు సంచిలో వేసుకున్నాడు. చీఫ్ మాట గుర్తుంది. ఖాతరు చేయలేదు.

"ఏ కేసు మీద అరెస్టు చెయ్యాలె మేడమ్?" అన్నాడు మెట్లు దిగుతూ. "మీ ఫ్యాక్స్ పోనే లేదు కదా!"