లింగయ్య వేలిముద్ర

ఇటు జరగండి పిల్లలూ. గోడవార కూర్చున్నవాళ్ళు కూడా చాప మీదికి రండి, చోటుంది. సిరా సీసాలకు మూతలు పెట్టండి. దీపం కాస్త తగ్గిస్తాను. నూనె మిగలాలని, ఇంకేం లేదు.

సోలాపూర్‌లో నీలం నగర్ అని మన తెలుగు నేతవాళ్ళ పేట ఉంది. మగ్గాల చప్పుడు అలవాటై, అక్కడి పసిపిల్లలు మగ్గాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. ఆ పేటలో సిద్ధరాములు చద్దర్లు, అదే దుప్పట్లు, నేసేవాడు. ఎనభై తొమ్మిదిలో అతను పనిచేసే కార్ఖానా మూతపడింది. భార్య యశోద చుట్టే బీడీలతో ముగ్గురు పిల్లల కడుపు నిండదు. ఊళ్ళ సంతల్లో చద్దర్లు అమ్ముకుందామనుకున్నాడు. దానికి బండి కావాలి. డాంబర్ రోడ్డు మీదా పోవాలి, చెలకల్లోనూ వాగు ఇసుకలోనూ పోవాలి. అన్నిటికన్నా ముందు, ఆర్టీవో ఆఫీసులో తన పేరు మీదికి ఎక్కాలి. కాగితాల్లేని బండి దారిలో పోలీసు నాకాలో పట్టుబడితే బండీ పోతుంది, చద్దర్లూ పోతాయి.

మూడు వారాలు తిరిగాడు. ఒకచోట మిలిటరీ వేలంలో కొన్న బండి చూపించారు. గుర్రంలా ఉంది, ఆర్‌సీ పుస్తకం లేదు. ఇంకోచోట పుస్తకం ఉంది, బండి ఇనుము మీద కొట్టే చాసీ నంబరు ఆకురాయితో గీకేసి ఉంది.

చివరికి జోడ్‌భావి పేట్‌లో పెంటప్ప దగ్గర దొరికింది. పాత రాజ్‌దూత్ మోటారుసైకిలు. మడ్‌గార్డు ఎత్తించి, గుబ్బల టైర్లు వేయించి ఉంది. పుస్తకంలో ఉన్న పేరు లింగయ్యది, సిద్ధరాములు పేటవాడే. పెంటప్పా అతనూ కలిసి సంతలు తిరిగేవాళ్ళు. నెల కిందట లింగయ్య సీనా నది గట్టు మీద బండితో సహా జారి నీళ్ళలో పడి చనిపోయాడని పెంటప్పే అందరికీ చెప్పాడు. లింగయ్య ముందూ వెనకా ఎవరూ లేని మనిషి.

"ఆయన లేడు గద, నా పేరు మీదికి ఎట్ల ఎక్కుతది?" అన్నాడు సిద్ధరాములు.

"ఘాబరా ఎందుకు సిద్ధన్నా? అమ్మిపెట్టుమని బతికున్నప్పుడే ఫారం ఇచ్చిండు. ఇగో."

ఫారంలో సంతకం చోట నీలం వేలిముద్ర ఉంది. ముద్రకు అడ్డంగా సన్నని తెల్లగీత.

తెగిన పోగులు ఏళ్ళ తరబడి ముడివేస్తే నేతగాడి బొటనవేలికి అట్లాంటి గాడి పడుతుంది. పనిచేసే చేతికే పడుతుంది. అందరికీ కుడివేలికి ఉంటుంది. లింగయ్యది ఎడమచేతి వాటం, అతనికి ఎడమవేలికి. కాగితాల మీద వేయించేది ఎడమవేలే కాబట్టి, ఆ ముద్ర అతనిదేనని సిద్ధరాములు గుర్తుపట్టాడు. కానీ లింగయ్యకు రాయడం వచ్చు. పేటలో సగంమందికి ఊరి జాబులు అతనే రాసిపెట్టేవాడు. సిద్ధరాములు చెయ్యి పట్టుకుని సంతకం దిద్దించింది కూడా అతనే.

రాయడం వచ్చిన మనిషి వేలు ఎందుకు వేశాడు? నీళ్ళలో పడ్డ బండికి ఒక్క గీరు కూడా ఎందుకు లేదు?

అడుగుదామనుకున్నాడు. మాట పళ్ళదాకా వచ్చింది. బండి ఎండలో మెరుస్తోంది.

"కాగితాలు సాఫ్ ఉన్నయి గద?" అన్నాడు పెంటప్ప, అతని మొహంలోకే చూస్తూ.

"సాఫే," అన్నాడు సిద్ధరాములు.

మరునాడు గురువారం, మగ్గాలకు కరెంటు సెలవు. పేటంతా చెవులు మూసినట్టు నిశ్శబ్దం. పొద్దు గుంకుతుండగా బండిని వాకిట్లో నిలబెట్టి కింద కూర్చున్నాడు. తెల్లారి ఆఫీసుకు చాసీ నంబరు ముద్ర పట్టుకుపోవాలి. మీరు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారే, అట్లాగే.

"ఆ బండి కాడ ఏందో వాసన," అంది లోపల బీడీ ఆకు కత్తిరిస్తున్న యశోద.

"ఇంజన్ ఆయిలు."

"ఆయిలు గాదు. నాచు వాసన."

కాగితం పెట్టి రుద్దాడు. అంకెలు రాలేదు. సుడి తిరిగిన సన్నని గీతలు వచ్చాయి. వాటికి అడ్డంగా ఒక తెల్లగీత.

ఇంకో కాగితం పెట్టాడు. మళ్ళీ అదే.

వేలితో ఇనుమును తడిమాడు. అంకెలు తగులుతున్నాయి. మూడో కాగితం రుద్దాడు. వేలిముద్రే... తడి వేలిది. పెన్సిలు నల్లది. ముద్ర నీలంగా ఉంది.

చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది.

"నాకు దస్తకత్ పెట్ట వస్తది గద, సిద్ధన్నా..."

మళ్ళీ అదే ఊపిరి.

"నీకు నేర్పింది నేనే గద... అడగకపోతివి..."

ఆ రాత్రే, కిక్కు కొట్టే ధైర్యం లేక బండిని జోడ్‌భావి పేట్ దాకా తోసుకుంటూ పోయాడు. అరుగు మీద వక్కలు నములుతున్న పెంటప్ప నవ్వాడు. "తోలుకొస్తున్నవేంది, బర్రెనా అది?"

"నాకొద్దు. నువ్వే తీస్కో. అందులో... లింగయ్య..."

"లింగయ్య లేడు, గింగయ్య లేడు. చూడు." పెంటప్ప ఎక్కి ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది.

వెనక స్ప్రింగులు మెల్లగా కిందికి దిగాయి. మనిషి కూర్చుంటే ఎట్లా దిగుతాయో, అట్లా.

"ఎక్కినవా?" అన్నాడు పెంటప్ప, వెనక్కి తిరక్కుండానే.

సిద్ధరాములు నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

బండి ఎగిరి దూకింది. పెంటప్ప చేతులు రెండూ హ్యాండిల్ వదిలి గాలిలో కొట్టుకుంటున్నాయి. బండి మాత్రం వంకర పోలేదు. సీనా దారి పట్టింది.

తెల్లారి పెంటప్ప మోకాలిలోతు నీళ్ళలో బోర్లా దొరికాడు. అతని బొటనవేలు నీలంగా ఉంది. బండి గట్టు మీద స్టాండు వేసి ఉంది. ఒక్క గీరు లేదు.

ఆ రోజే సిద్ధరాములు జేబులోని ఫారం తీసి చూశాడు. వేలిముద్ర లేదు. ఆ చోట ఎడమకు వాలిన గుండ్రటి అక్షరాలతో లింగయ్య సంతకం ఉంది.

"ఆ బండి జోలికి పోకు," అంది యశోద. పొయ్యి మీద కుండ ఖాళీగా ఉంది. అతను వెళ్ళి బండి తెచ్చుకున్నాడు.

ఈసారి నంబరు చక్కగా అచ్చయింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు ఆఫీసు గుమాస్తా. "కొనేవాళ్ళు ఇక్కడ సంతకం పెట్టండి."

సిద్ధరాములు కలం పట్టుకున్నాడు. చెయ్యి తిరగలేదు. పదేళ్ళుగా పెడుతున్న సంతకం, మొదటి అక్షరమే రాలేదు. వెనక జనం గొణుగుతుంటే గుమాస్తా విసుక్కుని అతని ఎడమ బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద అద్ది, ఫారం మీద నొక్కాడు.

ముద్రకు అడ్డంగా సన్నని తెల్లగీత పడింది.

సిద్ధరాములుది కుడిచేతి వాటం. గాడి ఉన్నది అతని కుడివేలికి.

బండి అతని పేరు మీదికి ఎక్కింది. దాని మీదే సంతలు తిరిగి పిల్లల్ని సాకాడు. మూటలన్నీ అమ్ముడుపోయి ఖాళీగా తిరిగొచ్చే సాయంత్రాలు కూడా వెనక స్ప్రింగులు దిగే ఉండేవట. ఆ వేలి నీలం మాత్రం రాయితో తోమినా పోలేదు.

ఇక లేవండి. అమ్మలు బువ్వ పెట్టుకుని చూస్తుంటారు. పొద్దంతా సిరాతో ఆడారు, చేతులు బాగా కడుక్కుని తినండి. ఎవరి వేలికైనా నీలం వదలకపోతే, ఎవరికీ చూపించకుండా పొద్దున్నే నా దగ్గరికి రండి.