రేపల్లె నుంచి జవాబు

"ఒరే శాలేమూ, నువ్వు ఆ పెట్టె మీద చెయ్యి పెట్టినప్పుడే పిడుగు పడితే నా గతేంట్రా?"

గుమ్మంలో నిలబడి అడిగింది కృపమ్మ. ఆకాశంలో అప్పటికి మబ్బు తునక కూడా లేదు.

"అది రౌటరమ్మా. కరెంటు స్తంభం కాదు," అన్నాడు శాలేమురాజు బూటు లేసు కట్టుకుంటూ.

"స్తంభమైతే కనీసం దూరంగా నిలబడతావు."

మామూలుగా అయితే ఈ మాటకి వాడు నవ్వేవాడే. ఈరోజు నవ్వలేదు. పెట్టిన మూడు ఇడ్లీల్లో రెండు పళ్ళెంలోనే ఉన్నాయి. కృపమ్మ వాటిని మళ్ళీ లెక్కపెట్టింది.

ఆవిడ తెనాలిలో జాకెట్లు కుట్టి కొడుకుని డిప్లొమా చదివించింది. తను చదివింది ఏడో తరగతి. మిషను సూది విరిగితే చాలు, ఎవరికో ఏదో అయ్యుంటుందని నలుగురికి ఫోన్లు చేసే మనిషి. అలాంటి మనిషి ముందు కొడుకు తొమ్మిది రోజులుగా తినకుండా తిరుగుతుంటే ఇక చెప్పేదేముంది?

కారణం ఆవిడకి తెలుసు. కారణం పేరు కరుణశ్రీ.

రక్తపరీక్షల ల్యాబు వాళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని తమ మూడు శాఖల్నీ ఒక నెట్‌వర్కులో కలిపే పని శాలేమురాజుకి ఇచ్చారు. ల్యాబు తరఫున కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి కరుణశ్రీ. రేపల్లె సీమోను మాస్టారి కూతురు.

వాళ్ళిద్దరూ మొదటిసారి కలిసింది రెండు నెలల క్రితం, బాపట్ల శాఖ ప్రారంభం రోజు. పాస్టరుగారి ప్రార్థన అయిన అయిదు నిమిషాలకే గొడవ మొదలైంది. కొడుకు ఎత్తులెక్కే పని కదా అని వెంట వెళ్ళిన కృపమ్మ ఆ గొడవంతా కళ్ళారా చూసింది.

"దారులు నేనే రాస్తానండి. స్టాటిక్. ఏ ఊరికి ఏ తీగ మీద పోవాలో నా చేత్తో రాసిపెడితే రౌటరు పక్కచూపులు చూడదు," అన్నాడు శాలేమురాజు.

"ఆ తీగ తెగితే?"

"తెగదండి."

"మీరు చెప్పారని ఆగుతుందా? డైనమిక్ పెట్టండి. మూడు రౌటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒక దారి పోతే ఇంకో దారి వాటంతటవే పట్టుకుంటాయి."

"అవి కబుర్లాడుకుంటూ కూర్చుంటే పనెవరు చేస్తారండి?"

"మీకు మాట్లాడ్డం రాదని రౌటర్ల నోళ్ళు కూడా కుట్టేస్తారా?"

శాలేమురాజుకి చెవులు ఎర్రబడ్డాయి. తీగ భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. చివరికి ముందు స్టాటిక్, అది నిలిచాక డైనమిక్ అని రాజీకి వచ్చారు.

అసలు ప్రమాదం తర్వాత జరిగింది. వాడు నిచ్చెన చివర ఉండగా, లోపలి గదిలోంచి లైటు వెలిగిందా లేదా అడగడానికి కరుణశ్రీ ఫోను చేసింది. ఆమె పేరు చూసిన తొందరలో వాడు రెండు చేతులూ వదిలాడు. నిచ్చెన ఊగింది. కృపమ్మ పెట్టిన కేకకి ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళు చేతుల్లో లడ్డూలు వదిలేశారు.

వాడు పడలేదు. కానీ కృపమ్మ తిన్నగా లోపలికి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా అమ్మా ఫోను చేసింది? నాకొక మాటియ్యి. వాడు నిచ్చెన మీదున్నప్పుడు చెయ్యకు."

"అలాగేనండి."

"బండి మీదున్నప్పుడు చెయ్యకు. అన్నం తినేటప్పుడు చెయ్యకు, పొలమారుద్ది. ఉరుముతుంటే అసలే వద్దు. మెసేజీ కూడా పెట్టకు, బండి నడుపుతూ చూస్తాడు."

కరుణశ్రీ పెదవులు బిగబట్టి నవ్వాపుకుంది. "మరి ఎప్పుడు చెయ్యాలండి?"

"నువ్వు చెయ్యొద్దు. వాడే చేస్తాడు."

కరుణశ్రీ మాటిచ్చింది. కృపమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, ఆ సంగతీ మర్చిపోయింది.

*

పన్నెండున్నరకి కృపమ్మ క్యారేజీ పట్టుకుని తెనాలి ల్యాబుకి వెళ్ళింది. శాలేమురాజు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఒకటే వరస పదేపదే పడుతోంది.

"ఏంటిరా అది, ఒక్క మాటే రాస్తోంది? చెడిపోయిందా?"

"పింగ్ అమ్మా. ఇక్కణ్ణుంచి రేపల్లెని పలకరిస్తున్నాను. జవాబు లేదని రాస్తోంది."

"అయ్యో దేవా! అక్కడేమైంది?"

"ఏమీ కాలేదు. మన పలకరింపు అక్కడికి చేరుతోంది. తెనాలికి తిరిగొచ్చే దారే రేపల్లె రౌటర్లో రాసిలేదు. జవాబు చేతిలోనే ఉన్నా, ఎటు పంపాలో తెలీక పారేస్తోంది."

"ఎవడ్రా రాయనిది?"

"నేనే." వాడు తల దించుకున్నాడు. "మొన్న రేపల్లె వెళ్ళినప్పుడు అక్కడి రౌటర్లో బాపట్ల దారి రాశాను. తెనాలిది రాయబోతుంటే కరుణశ్రీ పక్కనొచ్చి నిలబడింది. నోరు జారింది. నన్ను చేసుకోవడం ఇష్టమేనా అని అడిగేశాను. అడిగాక భయమేసింది. రైలుకి టైమైందని పరిగెత్తాను."

"జవాబు వినకుండానా!"

"ఊఁ."

"తర్వాత ఫోనైనా చేశావా?"

"ఎలా చేస్తానమ్మా? వెంటపడినట్టుంటుంది. ఇష్టముంటే తనే చేస్తుంది కదా. తొమ్మిది రోజులైంది. పని సంగతులు గ్రూపులో పెడుతోంది, అంతే." ఫోను చూపించాడు. ఇప్పుడే వచ్చిన మెసేజీ: రేపల్లెలో ఈ నిమిషమే కరెంటు పోయింది సార్, వచ్చాక ఆ దారి రాస్తాను. "సార్ అంట చూడు. ఇంకేముంది."

కృపమ్మ క్యారేజీ గిన్నెలు విప్పి వాడి ముందు పెడుతూ ఆగిపోయింది. వాడే చేస్తాడు. ఎవరన్నారా మాట? తనే. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మరీ.

"నువ్వు తింటూ ఉండు," అని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"పెరుగు మర్చిపోయాను."

పెరుగు కోసం ఆవిడ రేపల్లె ప్యాసింజరెక్కింది.

దారిపొడుగునా కుదురులేదు. ఆ పిల్లకి ఈపాటికి వేరే సంబంధం ఖాయమైపోయిందేమో. రింగులు మార్చేసుకున్నారేమో. తను వెళ్ళేసరికి విందు భోజనం వడ్డిస్తుంటే ఏ మొహం పెట్టుకుని తినాలి? భట్టిప్రోలు దాటాక వాన మొదలైంది. ఉరిమింది కూడా. కృపమ్మ కళ్ళు మూసుకుని, వాడి చెయ్యి ఆ పెట్టె మీద లేకుండా చూడమని ప్రార్థన చేసుకుంది.

రేపల్లె ల్యాబులోకి ఆవిడ నీళ్ళోడుతూ అడుగుపెట్టేసరికి అప్పుడే కరెంటొచ్చింది. రౌటరు ముందున్న కరుణశ్రీ గభాల్న లేచింది.

"అత్తయ్యగారూ! ఏంటండీ ఇలా తడిసిపోయారు? శాలేమురాజుగారికేమైనా..." ఆమె మొహంలో రంగు పోయింది.

ఆ భయాన్ని కృపమ్మ వెంటనే గుర్తుపట్టింది. రోజూ అద్దంలో చూసుకునేదే.

"వాడికేం కాలేదమ్మా. బాపట్లలో నీ దగ్గర మాట తీసుకున్నాను చూడు, అది వెనక్కి తీసుకుందామని వచ్చాను. నువ్వు ఎప్పుడైనా చేసుకో. ఉరిమినా సరే."

కరుణశ్రీ ఒక్క క్షణం ఆవిడ వంక చూసింది. తర్వాత చున్నీతో ఆవిడ తల తుడుస్తూ, తడి కళ్ళతో నవ్వింది. "తొమ్మిది రోజులండీ! ఆయన చేస్తారేమోనని ఫోను పట్టుకునే పడుకున్నాను. మీకిచ్చిన మాట ఎలా తప్పుతాను? చెయ్యొచ్చా ఇప్పుడు?"

"చెయ్యి తల్లీ, చెయ్యి."

మొదటి రింగు పూర్తవకుండానే ఎత్తాడు వాడు. "హలో... మీరా?"

"నేనేనండి. మీరు వదిలేసి వెళ్ళిన దారి రాస్తున్నాను. చూస్తూ ఉండండి." స్పీకరు పెట్టి చకచకా ఒక వరస కొట్టింది. రౌటింగ్ టేబుల్ అనే దారుల పట్టిక తెరిచి, తెనాలి దారి అందులో చేరిందని వేలితో కృపమ్మకి చూపించింది.

"వచ్చిందండీ! రిప్లై వస్తోంది!"

"అయితే ఇప్పుడు డైనమిక్."

బాపట్ల రౌటర్ని కూడా ఉన్నచోటి నుంచే అందుకున్నారు. మూడింట్లోనూ డైనమిక్ పెట్టి, చేత్తో రాసిన దారులు తీసేశారు. అవి ఉన్నంతసేపూ రౌటరు వాటి మాటే వింటుందట. అంతా అయ్యాక కరుణశ్రీ తెనాలి నుంచి వచ్చే తీగని పుటుక్కున లాగేసింది.

"అయ్యయ్యో, తెంపేశావేంటమ్మా!" అంది కృపమ్మ.

"పరీక్షండీ."

తెర మీద జవాబులు ఆగిపోయాయి. ఒకటి పోయింది. రెండు. మూడు. కృపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగోదానికి బదులొచ్చింది. ఆ తర్వాత అన్నిటికీ వచ్చింది.

"బాపట్ల మీదుగా వస్తోందండి," అన్నాడు శాలేమురాజు మెల్లగా. "మీరే గెలిచారు."

ఫోన్లో వాడి ఊపిరి వినిపిస్తోంది. బయట వాన చూరు మీద నుంచి ధారకడుతోంది. కరుణశ్రీ చేతిలోని తీగని వేలికి చుడుతోంది, విప్పుతోంది. కృపమ్మకి ఆ కాసేపట్లో రాని ఆలోచన లేదు. పిల్ల మనసు మార్చుకుందా? వాడు పెట్టేస్తాడా? ఫోనులో చార్జింగ్ అయిపోతుందా?

"అడగమ్మా," అంది చివరికి ఉండబట్టలేక, "వాడు నిచ్చెన మీదేమన్నా ఉన్నాడేమో ముందు అడుగు!"

"అమ్మా? నువ్వక్కడున్నావా?" అవతల ఏదో కింద పడ్డ చప్పుడు.

"నిచ్చెన మీదున్నారా అండీ?" అడిగింది కరుణశ్రీ.

"లేదండి. స్టూలు మీద."

"దిగి నేల మీద నిలబడండి."

"దిగానండి."

కరుణశ్రీ ఖాళీ చేత్తో కృపమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇష్టమేనండి," అంది. "ఆ రోజే ఇష్టం. మీరే రైలుకి పరిగెత్తారు."