మెసైమీర్ విల్లాలో పాట

గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని మా లేబర్ క్యాంప్ వెనక సందు చివర ఒక పాత విల్లా ఉండేది. దాని మాటెత్తితేనే మావాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. మనుషులు ఖాళీ చేసి వెళ్ళారు. కరెంటు తీసేశారు. అయినా చీకటి పడితే చాలు, లోపల ఎవడో మగవాడు పాడతాడు. మనకు తెలిసిన భాష కాదు. పాటా... ఏడుపా... అదీ తేలదు.

ఇది సురేందర్ నాకు చెప్పిన సంగతి. నిర్మల్ వైపు మనిషి, ఏసీ మెకానిక్.

ఆ రోజుల్లో సురేందర్‌కి అసలు కుదురు లేదు. పిల్లనిచ్చిన మామ చనిపోతే ఊరికి పోలేదని భార్య స్వర్ణతో గొడవైంది. "కంపెనీ లీవు ఇయ్యలే" అన్నాడు. "నువ్వు అడగనే అడగలే" అందామె. అంతే, ఫోన్లు బందయ్యాయి. రాత్రుళ్ళు లేచి కూర్చునేవాడు... ఫోన్ తీసేవాడు... మళ్ళీ దిండు కింద పెట్టేసేవాడు.

విల్లా కూల్చేముందు ఏసీలు విప్పే పని వీళ్ళ కంపెనీకే వచ్చింది. పగలు పని అయిపోయింది. క్యాంప్‌కొచ్చాక చూసుకుంటే టూల్ బ్యాగ్ లేదు — మేడ మీదే మర్చిపోయాడు. రూమ్మేట్ సాయిబాబును తోడు రమ్మన్నాడు.

"నేను రానన్నా... నువ్వు గూడ పోకు."

ఒక్కడే వెళ్ళాడు. గేటు తోశాడు. ఫోన్ లైటు వేసుకుని మెట్లెక్కుతుంటే —

పాట.

మేడ మీద గదిలోంచి. హార్మోనియం లాంటిదేదో ఎగశ్వాస తీస్తున్నట్టు మోగుతోంది. మగగొంతు... బతిమాలుతోంది, తిడుతోంది, మళ్ళీ బతిమాలుతోంది. ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ ఆ గొంతులో ఉన్న బాధ సురేందర్‌కి కొత్తది కాదు. వెనక్కి పోదామనుకుంటూనే... తలుపు తోశాడు.

చీకట్లో ఒక మనిషి. ఎవరినో పొదివి పట్టుకున్నట్టు చేతులు పెట్టి, ఒంటరిగా అడుగులు వేస్తున్నాడు.

"ఎవలది!"

ఆ మనిషి ఆగాడు. "భయపడకు బాబూ... మనిషినే."

తెలుగు!

పేరు రామమోహన్. కాకినాడ ఆయన, ఇంజినీరు. భార్య సీతాలక్ష్మితో ఈ విల్లాలోనే కాపురం చేశాడు; ఖాళీ చేశాక కూడా చీకటి పడితే ఇక్కడికే వస్తున్నాడు. పక్కింటి అర్జెంటీనా దంపతులు వీళ్ళిద్దరికీ టాంగో నాట్యం నేర్పారట. నేలమీద పెట్టిన ఫోన్లో మోగుతున్నవి ఆ పాటలే.

"పాటల ఏమంటుండు సార్?"

"నువ్వు వెళ్ళిన వీధిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి, నాకే దారి కనబడటం లేదంటున్నాడు. ఈ పాటలన్నీ ఇంతేనయ్యా. పోనిచ్చి, తర్వాత ఏడవడం." "మాటామాటా వచ్చి ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. ముందు తనే ఫోన్ చెయ్యాలని భీష్మించుకుని కూర్చున్నాను. ఏళ్ళు గడిచాయి... చివరికి వాళ్ళ తమ్ముడు చేశాడు. పోయిందని."

సురేందర్ బ్యాగ్ తీసుకుని గబగబా దిగాడు. గేటు దాటి సందులోకి వచ్చీ రాగానే స్వర్ణకి ఫోన్ కలిపాడు. మోగింది... మోగింది... ఎత్తింది.

"స్వర్ణా... నేనే. నువ్వన్నదే నిజం. లీవు నేను అడగలే. నీ మొఖం ఎట్ల చూడాల్నో తెల్వక... అడగలే."

స్వర్ణ మెల్లగా అంది —

"గదంత తర్వాత మాట్లాడదాం. ముందు నీ పక్కన ఉన్నామెను ఓదార్చు... ఎవలామె? గంత గనం ఏడుస్తున్నది?"

సురేందర్ చుట్టూ చూశాడు.

సందంతా ఖాళీ.