చెరిపేసిన ఉత్తరం

ఆ అమ్మాయి వచ్చే సమయానికి వదిన నేలమీద కూర్చుని, బీరువా కిందికి దొర్లిపోయిన పెన్ను మూతను స్కేలుతో లాగుతోంది. మరిది తలుపు తీశాడు.

"డిటెక్టివ్‌గారు ఉన్నారాండీ?"

"అదిగో, ఆవిడే. కూర్చోమ్మా."

వదిన పాతికేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, రిటైరయ్యాక ముందు గదికి బోర్డు తగిలించింది. మరిదికి గడియారాల రిపేరు షాపుండేది. గడియారం బాగుచేయించుకునే మనుషులే కరువై అది మూతబడ్డాక ఆమెకు సహాయకుడిగా చేరాడు. వదిన తెలివిమీద అతనికున్నంత నమ్మకం వదినకు కూడా లేదు.

అమ్మాయి నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పుకొచ్చింది. "మా బాబాయి ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటానండీ. పాఠ్యపుస్తకాలకి అచ్చుకి ముందు పేజీలు కట్టే ఆఫీసు. మొత్తం తొమ్మిదింటికీ పోయిన ఆదివారం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. సోమవారం నుంచి ఎనిమిది మొరాయిస్తున్నాయి. మెమరీ తొంభై శాతం నిండిపోతోంది, ప్రాసెసర్ సెగలు కక్కుతోంది. ఒక్క పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు."

"తొమ్మిదోది?"

"బాబాయిది. అదొక్కటే బాగుంది. అన్నీ ఒకే రోజు కొన్నవేనండీ, ఒకే రకం."

"ఆయనేమంటున్నాడు?"

అమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. "శుక్రవారం లోపు బాగుచెయ్యకపోతే రావద్దన్నాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనేనండీ. సొంత బాబాయే పనికిరానిదని గెంటేస్తే ఇంకెవరు నన్ను పనిలో పెట్టుకుంటారు? నిన్న ఆఫీసులో మీకు ఉత్తరం టైపు చేశాను. సగంలో భయమేసి చెరిపేశాను. ఇవాళ భోజనం టైములో ఇలా వచ్చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు."

వదిన పెన్ను మూత బిగించి లేచింది. "పద."

ఆఫీసు గది పొడుగ్గా, ఉక్కగా ఉంది. ఎనిమిది బల్లలు, ఎనిమిది రొదలు. పేజీలు కట్టేవాళ్ళు మౌస్ మీద చేయి పెట్టి గోడకేసి చూస్తున్నారు. అందరికన్నా పెద్దావిడ, ప్రూఫులు దిద్దే ఆవిడ, అడక్కుండానే అందుకుంది. "పాతది నిక్షేపంలా ఉండేదండీ. ఈ పిల్లకి కొత్త మోజు. ఇప్పుడు మా ప్రాణాలు తోడేస్తోంది."

"పాతదానికి కంపెనీ ఇక వైరస్‌ల నుంచి రక్షణ ఇవ్వదు పెద్దమ్మా, ఎన్నిసార్లు చెప్పాను!" అంటూ అమ్మాయి ఒక లావు నోట్సు తెచ్చింది. ఏ కంప్యూటర్లో ఏ ప్రోగ్రాములున్నాయో, ఎప్పుడు పెట్టారో అంతా అందులో ఉంది. ఆదివారం అవన్నీ ఒక్కొక్కటిగా సరిచూశాకే పని మొదలుపెట్టానంది. తర్వాత తన కంప్యూటర్లో, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచింది.

"చూడండి. మెమరీ మొత్తం తొంభై అంటోంది. కింద ఉన్నవన్నీ కూడితే నలభై కూడా లేదు. మిగతా యాభై ఎవరు మింగుతున్నారో తెలియట్లేదు."

మరిది చెవి రిక్కించాడు. "అమ్మా, అది ఓసారి ముయ్యి. మళ్ళీ తెరువు."

జాబితా తెరవగానే లోపలి ఫ్యాన్ నెమ్మదించింది. మూయగానే మళ్ళీ హోరెత్తింది. ఎనిమిదింటిలోనూ అదే తంతు. ఎవరైనా చూస్తుంటే బుద్ధిగా కూర్చుని, తల తిప్పగానే చెలరేగే రకమన్నమాట. వదిన మరిది భుజం తట్టింది. అతను ఆ పూటకి తన షాపు మూతబడ్డ సంగతి మరిచిపోయాడు.

బాబాయి గదికి తలుపుంది, కిటికీ లేదు. ఆయన కంప్యూటర్లో పేజీలు చకచకా తిరుగుతున్నాయి.

"ఈ మిషన్లలో కొత్త ప్రోగ్రాములు పెట్టే పాస్‌వర్డు ఎవరెవరి దగ్గరుంది?" అని వదిన అడిగింది.

"నా దగ్గర, దాని దగ్గర. చేసిన నిర్వాకానికి డిటెక్టివ్ ఒకటి మళ్ళీ! రాసిన ఉత్తరం చెరిపేసుకుని మరీ మీ ఇంటికి పరిగెత్తింది. ఆ శ్రద్ధేదో పనిమీద పెడితే బాగుండేది."

వదిన తలూపి బయటికొచ్చింది. అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి తన కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి తప్ప మరేవీ లేవకుండా, తెరిచింది. పావుగంట వెతికాక ఆమె చేతులు ఆగిపోయాయి.

సాయంత్రం నాలుగింటికి వదిన అందరినీ పెద్ద బల్ల చుట్టూ నిలబెట్టింది. బాబాయి చేతులు కట్టుకుని చివర నిలబడ్డాడు.

"కొత్త సిస్టమ్ తప్పేం లేదు, ఈ అమ్మాయి తప్పూ లేదు," అంది వదిన. "ఎనిమిదింటిలోనూ ఒక ప్రోగ్రాం దాక్కుని ఉంది. క్షణక్షణానికీ తెరమీదున్నది ఫొటో తీసి బాబాయిగారి గదికి పంపడం దాని పని. పాత సిస్టమ్‌లో గుట్టుగా నడిచింది. కొత్తదానితో పొసగక ఇప్పుడు ఫొటో పంపగానే కూలుతోంది. వెంటనే ఇంకోటి లేస్తోంది. కూలినది మాత్రం ఆక్రమించిన మెమరీ వదలట్లేదు."

"ఎవరు పెట్టారు?" అంది పెద్దావిడ.

"అమ్మాయి నోట్సులో అది లేదు. పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంది. బాగున్న మిషను ఒక్కటే, తనమీద తనే నిఘా పెట్టుకోని మనిషిది. పైగా ఆ అమ్మాయి ఉత్తరం ఎవరికీ చూపించలేదు, చెప్పలేదు. చెరిపేసిన ఉత్తరం సంగతి మీకెలా తెలిసిందండీ?"

పెద్దావిడ తన తెరకేసి చూసి పైట సర్దుకుంది.

"నా ఆఫీసు. ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా?" అన్నాడు బాబాయి.

"జాగ్రత్త సరే. సోమవారం పొద్దున్నే సంగతి మీకు అర్థమైంది. నోరు విప్పితే గుట్టు బయటపడుతుందని పిల్లని బలిచ్చారు."

అమ్మాయి అప్పటిదాకా తలెత్తలేదు. "బాబాయ్, అందరివాటిలో రెండేళ్ళ నుంచి ఉంది. నాదాంట్లో మూడేళ్ళ నుంచి. నువ్వు నా చేతికి తాళాలిచ్చి, ఇక నీదేనమ్మా ఈ ఆఫీసు అన్న మర్నాటి నుంచి."

బాబాయి తన గదిలోకి వెళ్ళిపోయాడు. మరిదికి కేసు తేలిన సంతోషం ఏ కోశానా కలగలేదు. చెవి రిక్కించకపోయినా బాగుండేదేమో అనిపించింది.

అమ్మాయి ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి ఆ ప్రోగ్రాం తీసేసింది. ఏడు రొదలు అణిగిపోయాయి. పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని, "నోటికొచ్చినట్టు అన్నాను, మనసులో పెట్టుకోకమ్మా," అంది. జరిగిందంతా వదిన ఒక కాగితంమీద రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. "రేపు ఎక్కడ పని అడిగినా ఇది చూపించు."

"నీది మిగిలిపోయిందే," అన్నాడు మరిది.

"ఉండనివ్వండి బాబాయిగారూ," అంది అమ్మాయి. ఆ పిలుపు ఇప్పుడు అతనికి దక్కింది.

తన కంప్యూటర్‌ను మామూలుగా తెరిచి కూర్చుంది. అది మళ్ళీ హోరెత్తింది. ఒక్కో అక్షరం తెరమీదికి వచ్చేదాకా ఓపిగ్గా ఆగుతూ నాలుగైదు వరుసలు టైపు చేసింది. ఒకసారి చదువుకుని మొత్తం చెరిపేసింది. తాళాల గుత్తి నోట్సు మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

"అదేంటి వదినా, రాజీనామా ఇవ్వకుండానే చెరిపేసింది?"

వదిన బాబాయి గదివైపు చూపించింది. తలుపు ఓరగా ఉంది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తన తెర ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"అందింది," అంది వదిన.