ఓడ పట్టీలో కోసేసిన పుట

"నన్ను పోలీసులకి పట్టిస్తారట, అర్మోగన్ గారూ. నేను ఆ పుట ముట్టుకోనైనా లేదు."

వచ్చినామె పేరు డొరీన్ అప్పాడు. యోలాండ్ గ్రిమ్మండ్ ఆమె ముందు చెట్టుబెరడుతో కాచిన చల్లటి మాబీ పానీయం గ్లాసు పెట్టి, పుస్తకం తెరిచి రాసుకోవడానికి కూర్చుంది. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ అంటే లెస్లీ అర్మోగన్ ఒక్కడే. ఆయన దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్నా, ఆయన వినే తీరు చూస్తే యోలాండ్‌కి ఇంకా ముచ్చటే.

డొరీన్ తాత అప్పాడు, భార్యతో కలిసి మద్రాసు నుంచి ఓడెక్కి సముద్రాల అవతల ఈ దేశానికి చెరుకుతోటల పనికి వచ్చాడు. ఇద్దరు కొడుకులు పుట్టాక మొగుడూ పెళ్ళాం జ్వరంతో పోయారని ఇంట్లో చెప్పుకునేవారు. పెద్దకొడుకు డొరీన్ తండ్రి. ఆయన చివరిరోజుల్లో అన్నం నీళ్ళు మాని, మా అమ్మ పేరేమిటని అదే పనిగా అడిగి అడిగి కన్నుమూశాడు. అప్పటినుంచీ రెండేళ్ళుగా డొరీన్ ఆ పేరు కోసం తిరుగుతోంది. పోయిన శుక్రవారం జార్జ్‌టౌన్‌లోని పాత దస్తావేజుల ఆఫీసులో ఆ ఓడ పట్టీ, అంటే అందులో వచ్చిన కూలీల జాబితా, దొరికింది. చదివేలోగా ఆఫీసు మూసేశారు. ఆదివారం కాళీ చర్చి అని పిలిచే అమ్మవారి గుడిలో ఆ సంతోషం నలుగురితో పంచుకుంది. మంగళవారం వెళ్ళేసరికి పట్టీలో ఒక పుట లేదు. అది ఆమె పనేనని ఆఫీసువాళ్ళు అంటున్నారు.

మర్నాడే అర్మోగన్, యోలాండ్ నది దాటి జార్జ్‌టౌన్ వెళ్ళారు. గుమాస్తా సెసిల్ అడోనిస్ ముభావంగా పట్టీ తెచ్చి పెట్టాడు. మనిషికో వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు, చివర ఆ మనిషి తరవాత ఏమయ్యాడో రాసే గడి. ఆ ఒక్క పుటని మాత్రం పక్కది గీరుకోకుండా బ్లేడుతో కోశారు.

"ఇంత పట్టీలో మనిషిని పట్టుకోవాలంటే ఎంతసేపు?" అని అర్మోగన్ అడిగాడు.

"నంబరు తెలిస్తే నిమిషం. తెలియకపోతే ఈ గొలుసుకట్టు రాత చదవడానికి మూడు రోజులు."

రెండో ప్రతిని ఎప్పుడో చెదలు తినేశాయట. సోమవారం పట్టీ అడిగింది ఒక్కడే. సంతకం జె. థామస్. టోపీ పెట్టుకున్న ముసలాయన. అరగంట కూడా లేడు. డొరీనే పంపి ఉంటుందని అడోనిస్ అనుమానం.

ఆ సాయంత్రమే వాళ్ళు డొరీన్ చిన్నాన్న ముతుసామిని కలిశారు. ఆయన కాళీ చర్చి పూజారి. ఎనభై రెండేళ్ళు. తండ్రి అప్పాడు పేరు మీద ఆ చర్చి కట్టించింది ఆయనే. ఏటా పెద్దపూజలో ఆ పేరే ముందు పలుకుతారు. ఆయన ప్రసాదం పెట్టి ఆప్యాయంగా మాట్లాడాడు. ఇంట్లో పాత కాగితాలు లేవన్నాడు, ఫొటోలూ లేవన్నాడు. తల్లి పోయేనాటికి తనకి అయిదు నెలలట.

"ఆవిడ గురించి ఎవరైనా ఏమైనా చెప్పారా?"

"ఏం చెప్తారు సార్? చిన్న మనిషి. నాలుగడుగుల పదకొండంగుళాలు."

యోలాండ్ అది కూడా రాసుకుంది.

అర్మోగన్ తరవాతి రెండు రోజులూ కోర్టు పాత పుస్తకాల్లో గడిపాడు. శనివారం డొరీన్‌నీ, ముతుసామినీ, అడోనిస్‌నీ తన ఆఫీసుకి పిలిపించాడు.

అడోనిస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "థామస్ ఈయనే."

ముతుసామి తల వంచుకున్నాడు.

"అరగంటలో పుట దొరికిందంటే కోసినవాడి దగ్గర నంబరుంది," అన్నాడు అర్మోగన్. "నంబరుండేది ఓడ దిగినప్పుడు ఇచ్చే చీటీలో. అది ఇంట్లో తప్ప ఎక్కడుంటుంది? ఇంట్లో కాగితాలే లేవన్నారు మీరు. కానీ పెద్దాయనా, తల్లిని తలుచుకునేవాళ్ళు పొట్టి మనిషి అంటారు. అంగుళాలు చెప్పరు. అంగుళాలు కొలిచి రాసింది పట్టీలోనే."

"ఎందుకు చిన్నాన్నా?" అంది డొరీన్.

అర్మోగనే గొంతు తగ్గించి చెప్పాడు. జ్వరం మాట అబద్ధం. అప్పాడు భార్యని కత్తితో నరికి చంపాడు. అందుకు అతన్ని ఉరితీశారు. కోర్టు పుస్తకంలో ఉంది. పట్టీ చివరి గడిలోనూ అదే రాసి ఉండాలి.

"మమ్మల్ని పెంచిన ముసలామె పోయేముందు నాన్న చీటీ చేతికిచ్చి నాకొక్కడికే చెప్పింది," అన్నాడు ముతుసామి. "ఆవిడకీ పేరు తెలీదు, అప్పాడు పెళ్ళాం అనే పిలిచేవారట. అన్నయ్యకి చెప్పలేకపోయాను. ఊరంతా మా నాన్న పేరు మీద ఒట్టు పెట్టుకుంటోంది కదమ్మా."

"పుట ఏది?"

"కర్పూరం పళ్ళెంలో కాల్చేశాను."

డొరీన్ అర్మోగన్ వైపు తిరిగింది. కోర్టు పుస్తకంలో పేరుంటుంది కదా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్కడ కూడా అప్పాడు భార్య అని తప్ప ఇంకో ముక్క లేదు.

ఆమె చిన్నాన్న ముందు నేలమీద కూలబడి ఆయన మోకాళ్ళు పట్టుకుంది. "నువ్వు చదివావుగా. ఎత్తు చదివావు. పేరు చెప్పు చిన్నాన్నా. ఒక్కసారి చెప్పు."

"చదవలేదమ్మా." అన్నాడు ముసలాయన. "అమ్మ పేరు చూస్తే కాల్చలేను. అందుకే పేరు మీద వేలు అడ్డం పెట్టుకున్నాను."

డొరీన్ మీద ఫిర్యాదు ఉండదని అడోనిస్ అన్నాడు. అది ఆమె చెవికెక్కలేదు. ముసలాయన మీద కేసు పెడతారో లేదో ఎవరూ అడగలేదు. యోలాండ్ ఆమెని లేవదీయబోయింది. లేపలేక పక్కనే కూర్చుండిపోయింది.

ఆ ఏడు పెద్దపూజ కొత్త పూజారి చేశాడు. అప్పాడు పేరు పలకవద్దని డొరీన్ చెప్పింది, పలకలేదు. మరి మీ నాయనమ్మ పేరేమని పలకమంటావు అని అడిగాడాయన. డొరీన్ పెదవులు కదిపింది, మాట రాలేదు. ఆయన కాసేపు చూసి, వెనక ఇంకా చాలామంది ఉన్నారని తరవాతి ఇంటివాళ్ళని రమ్మన్నాడు.